గుండెలో బ్యాటరీ, చేతిలో బండి



ఆరోగ్య సదస్సులో మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు కొంచెం తటపటాయించాను. నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్ళు వంతెనల లెక్కలు కట్టిన సివిలు ఇంజనీరుని. ఈ వేదిక ఎక్కటానికి నాకున్న అర్హతలు రెండే. ఎడమ కాలర్ ఎముక కింద ఒక పేస్‌మేకరు, ఇంటి వెనక షెడ్డులో ఒక మోటారు సైకిలు. ఈ రెండూ ఒకే మనిషికి ఉండొచ్చా అన్నదే ఈవేళ నా విషయం.

మాది తెనాలి. మా నాన్నగారి బుల్లెట్టు మీద, పెట్రోలు టేంకు పట్టుకుని కూర్చుని లోకం చూశాను. 1996లో వెల్లింగ్టన్ వచ్చినప్పుడు నాకు మొదట నచ్చిన విషయం, ఇక్కడ కూడా మనలాగే రోడ్డుకి ఎడమ పక్కనే నడపటం. రెండవది, ఈ దేశంలో బండి ప్రేమికులకి ఉన్న గౌరవం. న్యూజిలాండు దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్ అనే ఊరుంది. ఆ ఊరి బర్ట్ మన్రో 1920 నాటి ఒక పాత బండిని షెడ్డులో తనే సానపట్టి, 1967లో, తన 68వ ఏట, అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకి 183 మైళ్ళ పైచిలుకు వేగంతో నడిపి రికార్డు సృష్టించాడు. ఆయనకూ గుండెజబ్బు ఉండేది. ఆయన కథతో 2005లో వచ్చిన సినిమా పేరు 'ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్'. పేరు చూసి మనవాడే అనుకుని నేను కుటుంబ సమేతంగా వెళ్ళాను. తీరా చూస్తే 'ఇండియన్' అన్నది బండి కంపెనీ పేరు!

సరే, నా కథకి వస్తాను. 2019 మార్చిలో, అప్పుడు నాకు 61 ఏళ్ళు, పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలో ఉండగా వంటింట్లో కుప్పకూలాను. మా ఆవిడ 111కి ఫోను చేసింది. అంబులెన్సులో నా గుండె నిమిషానికి 34 సార్లు కొట్టుకుంటోందట. గుండెలో పైగది నుంచి కింది గదికి విద్యుత్ సంకేతం వెళ్ళే దారి పూర్తిగా మూసుకుపోయింది. దీన్ని కంప్లీట్ హార్ట్ బ్లాక్ అంటారు. నాకు తెలిసిన భాషలో చెప్పాలంటే, నదికి రెండు వైపులా ఊళ్ళు బాగానే ఉన్నాయి, మధ్యలో వంతెన కూలింది.

ఆ వంతెనే పేస్‌మేకరు. పాతిక ముప్పై గ్రాముల డబ్బా, దాన్నుంచి సిర గుండా గుండెలోకి వెళ్ళే సన్నటి తీగలు. మొట్టమొదట 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయనకి శరీరం లోపల అమర్చారు. మొదటి యంత్రం కొద్ది గంటలే పనిచేసింది. ఆ తరవాత రెండు డజన్లకి పైగా మార్పించుకుంటూ ఆయన 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. ఇప్పటి బ్యాటరీలు సుమారు పదేళ్ళు వస్తున్నాయి. నాకు మత్తు సూది ఆ చోట మాత్రమే ఇచ్చారు. గంటన్నరలో పని అయిపోయింది.

మర్నాడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "బండి ఎప్పుడు నడపొచ్చు?" డాక్టరు నవ్వలేదు. ఆవిడ నన్నే ఒక ప్రశ్న అడిగింది. "ఇంతకు ముందు ఎప్పుడైనా కళ్ళు తిరిగాయా?"

పక్కనే మా ఆవిడ కూర్చుని ఉంది. నేను లేదనబోయాను. కాని ఆ గదిలో అబద్ధం నోట రాలేదు. "తిరిగాయి. రెండుసార్లు," అన్నాను. రెండవసారి పదిరోజుల క్రితం, రెముటకా కొండ దిగుతుండగా. 555 మీటర్ల ఎత్తు నుంచి మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు అది. మూడు నాలుగు సెకన్లు కళ్ళకి చీకట్లు కమ్మాయి. బండి పడలేదు, అదృష్టం. ఫెదర్‌స్టన్‌లో ఆగి టీ తాగి, ఎండ ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు నా వెనక సీటులో కూర్చున్నది మా ఆవిడే.

రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నది ఇదీ: "ఏవండీ, బండి మానెయ్యమని నేను అనను. దాచటం మానెయ్యండి."

ఇవాళ మీకు చెప్పదలుచుకున్న అసలు మాట అదే. బండి మీద పేస్‌మేకరు ప్రమాదం కాదు. పేస్‌మేకరు అవసరమైన గుండెతో, అది లేకుండా బండి నడపటం ప్రమాదం. మనవాళ్ళం బీపీ దాస్తాం, షుగరు దాస్తాం, కళ్ళు తిరిగితే "పైత్యం" అంటాం. కారణం తేలి వైద్యం జరిగేదాకా స్టీరింగూ పట్టకూడదు, హేండిలూ పట్టకూడదు.

న్యూజిలాండులో ఎన్.జెడ్.టి.ఏ. అంటే మన తెలుగువాళ్ళకి న్యూజిలాండ్ తెలుగు సంఘం, తక్కినవాళ్ళకి లైసెన్సులు ఇచ్చే రవాణా సంస్థ. మొదటిది పులిహోర పెడుతుంది, రెండవది నిబంధనలు పెడుతుంది. బండి నడపటానికి పనికిరాని స్థితిలో ఉండి కూడా మానని రోగి గురించి డాక్టరు ఆ సంస్థకి తెలియజెయ్యాలని ఇక్కడి 1998 నాటి చట్టం. దాన్ని బెదిరింపు అనుకోకండి, వెనక సీటులో కూర్చున్నవాళ్ళకి రక్షణ అనుకోండి. ఒక్కో దేశంలో గడువు ఒక్కోలా ఉంటుంది కనుక, మీ గడువు మీ డాక్టరునే అడగండి.

ఇక నేను నేర్చుకున్న జాగ్రత్తలు. మొదటిది చెయ్యి. గుండెలో తీగల కొనలు కుదురుకోవటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపల ఎడమ చెయ్యి భుజం కన్నా పైకి ఎత్తకూడదు, బరువులు లాగకూడదు. స్టేండు వేసిన బరువైన బండిని వెనక్కి లాగటం కూడా బరువు లాగటమే. నా పాత బరువు బండి అమ్మేసి తేలికైనది కొన్నాను.

రెండవది భుజాన వేసుకునే సంచి. దాని పట్టీ సరిగ్గా డబ్బా మీదుగా వెళ్ళి, కుదుపు కుదుపుకీ చర్మాన్ని రాస్తుంది. సామాను బండికి కట్టండి. కాని టేంకు మీద అయస్కాంతంతో అంటుకునే సంచులు వద్దు. అయస్కాంతం దగ్గరికొస్తే పేస్‌మేకరు గుండె మాట వినటం మానేసి, తన లెక్క ప్రకారం తను కొడుతూ పోతుంది. దూరం జరిపితే మళ్ళీ మామూలే. జానెడు దూరం ఎప్పుడూ ఉంచండి. ఇప్పటి కొన్ని సెల్‌ఫోన్లలోనూ అయస్కాంతాలున్నాయి, ఎడమ జేబులో పెట్టకండి.

మూడవది ఇంజను. సీటు మీద కూర్చుని నడిపితే ఇబ్బంది లేదు. ఇంజను నడుస్తుండగా స్పార్కు ప్లగ్గు మీదికి ఛాతీ వంచి మరమ్మతులు చెయ్యటం వద్దు. అడుగు దూరం ఉండాలి, లేదా ఇంజను ఆపాలి.

నాలుగవది నాకే ఆశ్చర్యం కలిగించింది. చాలా పేస్‌మేకర్లలో మనిషి కదలికని కనిపెట్టే సెన్సరు ఉంటుంది. నడుస్తున్నాడనుకుంటే గుండె వేగం పెంచుతుంది. కంకర రోడ్డు మీద బండి కుదుపుని నా సెన్సరు నడక అనుకుంది. పరీక్షకి వెళ్ళినప్పుడు టెక్నీషియను రికార్డు చూసి, "ఆదివారం మధ్యాహ్నం పరుగెత్తారా?" అని అడిగింది. కూర్చునే ఉన్నానన్నాను. సెన్సరు చురుకుదనం కొంచెం తగ్గించింది. అందుకే బండి నడుపుతామని టెక్నీషియనుకి ముందే చెప్పండి.

ఐదవది, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు. వాళ్ళకి చిన్న దెబ్బ కూడా చిన్నది కాదు, తలకి తగిలితే మరీను. ఈ సంగతి డాక్టరుతో విడిగా మాట్లాడాలి. షాకు ఇచ్చే ఐ.సి.డి. యంత్రం ఉన్నవాళ్ళ నియమాలు కూడా వేరు. నా మాటలు వాళ్ళకి వర్తించవు.

పర్సులో పేస్‌మేకరు కార్డు ఉంచుకుంటాను. దక్షిణ ద్వీపం పడమటి తీరంలో సెల్‌ఫోను అందని రోడ్లు చాలా ఉన్నాయి కనుక, ఉపగ్రహానికి కబురు పంపే చిన్న బీకను తీసుకెడతాను. ప్రమాద బీమా సంస్థ ఏ.సి.సి. నడిపే 'రైడ్ ఫరెవర్' శిక్షణకి వెళ్ళి, నలభై ఏళ్ళుగా మలుపులు తప్పుగా తిరుగుతున్నానని ఆలస్యంగా తెలుసుకున్నాను.

మా ఆవిడ మళ్ళీ వెనక సీటు ఎక్కటానికి పదకొండు నెలలు పట్టింది. నేను అడగలేదు. ఒక ఆదివారం తనే హెల్మెట్టు పట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు నేను తాళంచెవి తీసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడుగుతుంది: "ఈవేళ ఎలా ఉంది?" బాగాలేదని నేను చెప్పిన రోజులు ఇప్పటికి మూడు. ఆ మూడు రోజులూ ఇద్దరం బస్సులో వెళ్ళాం.

మీ ఇళ్ళలో బండి లేకపోవచ్చు, ఆ ప్రశ్న మాత్రం అడగండి. అడిగినవాళ్ళకి నిజం చెప్పండి.