ఐర్లాండ్ బార్లీ రైతు, మన జీడి రైతు

మాది హరిశ్చంద్రపురం వైపు. ఈరోజు ఎపిసోడ్ బీరు గురించి. ఆగండి ఆగండి, తాగమని చెప్పడానికి కాదు! పండించినోడికి ఎంత మిగులుతోంది, అదీ మన టాపిక్.

ఐర్లాండ్ అనగానే గిన్నిస్. 1759లో ఆర్థర్ గిన్నిస్ డబ్లిన్‌లో ఒక బ్రూవరీని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున లీజుకి తీసుకున్నాడు. ఎన్నాళ్లకో తెలుసా? 9,000 ఏళ్లకి! తర్వాత కాలంలో చిన్న బ్రూవరీలు చాలావరకు మూతపడ్డాయి, లేదంటే పెద్దోళ్ల చేతికి పోయాయి. కార్క్ నగరంలోని మర్ఫీస్‌ని 1983లో హైనెకెన్ కొనేసింది. హైనెకెన్ అంటే మనకి దూరం కాదు. మన జిల్లాలోనే, రణస్థలం దగ్గర బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఉంది కదా, కింగ్‌ఫిషర్ వాళ్లది? 2021 నుంచి ఆ కంపెనీలో మెజారిటీ వాటా హైనెకెన్‌దే.

మరి ఐర్లాండ్‌లో చిన్నోళ్లు మళ్లీ ఎలా లేచారు? 1990ల్లో కొందరు ధైర్యం చేసి మొదలెట్టారు. తర్వాత చట్టం తోడైంది. 2005 నుంచి చిన్న బ్రూవరీలకి ఎక్సైజ్ పన్నులో సగం వెనక్కి ఇచ్చారు. 2018లో ఇంకో చట్టం తెచ్చారు: లైసెన్సు తీసుకుంటే, బ్రూవరీ చూడ్డానికి వచ్చినవాళ్లకి అక్కడే అమ్ముకోవచ్చు.

లీష్ కౌంటీలో బాలీకిల్‌కవన్ అని ఒక వ్యవసాయ క్షేత్రం ఉంది. 1639 నుంచి ఒకే కుటుంబం సాగు చేస్తోంది. ఇప్పుడు వాళ్ల బార్లీతో వాళ్లే బీరు తయారుచేసి అమ్ముతున్నారు. గింజ అమ్మితే వచ్చేది వేరు, సీసా అమ్మితే వచ్చేది వేరు కదా!

ఇప్పుడు మన ఉద్దానం తోటల్లోకి రండి. ఎండాకాలంలో జీడిపిక్క తీసి 80 కేజీల బస్తాల్లో పలాసకి పంపిస్తాం. పండు? చెట్టు కిందే కుళ్లిపోతాది. పిక్క కంటే పండే ఎన్నో రెట్లు బరువు. కానీ ఒక్కరోజులో మెత్తబడిపోతాది, వగరుకి గొంతు పట్టేస్తాది, అందుకే ఎవరూ కొనరు. గోవాలో ఇదే పండుతో ఫెనీ తీస్తారు. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మనమూ సారా కాద్దామని నేను అనట్లేదు. లైసెన్సు లేకుండా కాస్తే నేరం. పైగా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎందుకు తిరగబడ్డారో ఇంట్లో అమ్మనడగండి, చెప్తుంది. కానీ ఆ పండుతో జ్యూస్, సిరప్, జామ్ చేయొచ్చు. వాటికి మత్తు అక్కర్లేదు. కావాల్సింది తోటకి దగ్గర్లో, కోసిన రోజే పండు తీసుకునే చిన్న యూనిట్. దానికి పెద్ద ఫ్యాక్టరీతో సమానంగా ఫీజులు, రూల్స్ పెడితే మాత్రం మొదలవకముందే మూతపడుద్ది.

2018 తిత్లీకి తోటలు కూలిపోయి, మళ్లీ మొక్క నాటిన రైతులు మనోళ్లు. పిక్క రేటు పడిపోయిన ఏడాది, ఆ పండు మీద వచ్చే నాలుగు రూపాయలే వాళ్లకి ఆసరా.

మీ తోటలో పండు ఏం చేస్తున్నారు? కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.