పిల్లల క్యాన్సర్ మీద రీసెర్చ్: పీహెచ్‌డీ తర్వాత దారి ఎటు?

మన తుంగతుర్తి, సూర్యాపేట, కోదాడ సైడ్ బైపీసీ అంటే ఒకటే లెక్క: నీట్ కొడితే డాక్టర్, లేకపోతే ఏదో ఒక డిగ్రీ. ఆ డిగ్రీ నుంచే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా పోయినవాళ్లూ ఉన్నరు. ముప్పై దగ్గర పడ్డాక ఇంట్లో అడుగుతరు చూడండి, "ఇంకా ఎన్నేళ్లు చదువుతవ్ బిడ్డా?" అని. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసం. వాళ్ల అమ్మానాన్నల కోసం కూడా.

ముందు ఒకటి క్లియర్ చేద్దాం. పోస్ట్‌డాక్ చదువు కాదు, ఉద్యోగం. పీహెచ్‌డీ అయినంక ఒక సీనియర్ సైంటిస్ట్ ల్యాబ్‌లో రెండు మూడేళ్ల కాంట్రాక్ట్ మీద చేసే పరిశోధన. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కి 2023 రేట్ల ప్రకారం నెలకు 58,000 నుంచి 67,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. ఐటీతో పోలిస్తే తక్కువే, అబద్ధం చెప్పను.

మరి పిల్లల క్యాన్సరే ఎందుకు? గుట్కా, సిగరెట్‌తో వచ్చే పెద్దల క్యాన్సర్ కథ వేరు. పిల్లల్లో చాలావరకు శరీరం తయారయ్యే దశలోనే కణం దారి తప్పుతుంది. జన్యువుల్లో మార్పులు కూడా పెద్దవాళ్ల కంటే తక్కువ. అందుకే పెద్దల మందు డోసు తగ్గించి ఇస్తే సరిపోదు, విడిగా పరిశోధన కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూడండి: ధనిక దేశాల్లో 80 శాతం కంటే ఎక్కువ మంది పిల్లలు బతుకుతున్నరు. చాలా పేద, మధ్యస్థాయి దేశాల్లో 30 శాతం కూడా లేదు.

ఈ రంగంలో మొదటి పెద్ద అడుగు వెనక ఉన్నది మన తెలుగాయనే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో 1930లో పీహెచ్‌డీ చేసి, ఇంకో పదేళ్లు అక్కడే పనిచేసినా పర్మనెంట్ పోస్టు రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి పోయిండు. ల్యుకేమియా కణాలు పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం దానిలాగే కనిపించి, కణాన్ని మోసం చేసే అమినాప్టెరిన్‌ని అక్కడ ఆయన టీమ్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది, కొన్నాళ్లే అయినా. ఆ పేపర్ 1948 జూన్‌లో వచ్చింది. ఆగస్టులో సుబ్బారావు చనిపోయిండు, 53 ఏళ్లకే. దాని తమ్ముడులాంటి మందు మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ ల్యుకేమియా పిల్లలకు వాడుతరు.

ఇప్పుడు అవకాశాలు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నయి. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రెటినోబ్లాస్టోమా, అంటే పిల్లల కంటి క్యాన్సర్ మీద చికిత్సతో పాటు పరిశోధన కూడా నడుస్తది. (ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో పాప కంటిపాప తెల్లగా మెరుస్తుంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కి చూపించండి.) నవీ ముంబైలో టాటా మెమోరియల్‌ వాళ్ల ఆక్ట్రెక్ ఉంది. సొంత ఫెలోషిప్ కావాలంటే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లు ఇస్తరు, వయసు 35 లోపు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలకు అయిదేళ్ల సడలింపు. విదేశాల్లో అయితే మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి, 1962 నుంచి పిల్లల కోసమే.

కోడింగ్ వచ్చినవాళ్లకు ఇక్కడ మంచి డిమాండ్ ఉంది. ల్యాబ్‌లో డేటా గుట్టలు పడి ఉంటది, చదివేవాళ్లు తక్కువ.

అప్లై చేసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" అని ఒకే మెయిల్ వందమందికి కొట్టకండి. ఆ ల్యాబ్ ఈమధ్య వేసిన పేపర్ ఒకటి చదివి, అందులో మీరు ముందుకు తీసుకుపోగల ప్రశ్న నాలుగు లైన్లలో రాయండి. జవాబొస్తే మొహమాటపడకుండా మూడు అడగండి: జీతం ఏ గ్రాంట్ నుంచి, అది ఎప్పటిదాకా ఉంది, పేషెంట్ శాంపిల్స్ ఏ ఆసుపత్రి నుంచి వస్తయి. సీటు ఇప్పిస్తా, డబ్బు కట్టు అని ఎవరన్నా అంటే ఆ నంబర్ బ్లాక్ చేయండి. పోస్ట్‌డాక్‌కి డబ్బు వాళ్లే మీకియ్యాలె.