మతం వదిలాక ఇంట్లో మిగిలినవి

(జిల్లా మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మతం మారినవాళ్ళు, అసలు మతమే వద్దనుకున్నవాళ్ళు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళను వేధించే ప్రశ్న ఒకటుంది. వేదిక మీద ఎవరూ అడగరు. అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు మెల్లగా అడుగుతారు: "ఇంట్లో ఆ సామాను ఇంకా ఉందక్కా, ఏం చెయ్యను?" దేవుడి పటం, దీపపు కుంది, కుంకుమ భరిణె, తాళి. కొందరికైతే జపమాల, అమ్మ చదువుకున్న బైబిలు. చిన్న ప్రశ్నే అనిపిస్తుంది. కానీ ఇంట్లో మతాన్ని రోజూ నడిపేది స్త్రీలే. పటాలు తుడిచేది, కుందులు తోమేది, ఉపవాసాలుండేది మనమే. అందుకే మతం వదిలిన రోజున ఆ సామాను బరువూ మన మీదే పడుతుంది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ బౌద్ధం స్వీకరించి, తన వెంట వచ్చిన లక్షలాది మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. పాత దేవుళ్ళను కొలవనని, శ్రాద్ధం పెట్టనని, హిందూమతాన్ని వదులుతున్నానని వాటిలో ఉంది. ఆ తర్వాత మహారాష్ట్ర దళితవాడల్లో ఎంతోమంది ఇంటి దేవుళ్ళను ఏట్లో కలిపేశారు. గుడి మెట్టు ఎక్కనివ్వని దేవుణ్ణి ఇంట్లో ఎందుకు పెట్టుకోవాలి? ఆ కోపంలో న్యాయముంది.

నిజామాబాదు పక్క మా ఊళ్ళో మా కుటుంబం బౌద్ధం తీసుకున్నప్పుడు మా ఇంట్లోనూ అదే మాట వచ్చింది. అన్నీ మూటగట్టి చెరువులో వేద్దామని మగవాళ్ళు తీర్మానించారు. అమ్మ ఒక్క మాటే అంది: "ఇన్నేండ్లు తోమిన చేతులు నావి. ఏది ఉండాల్నో, ఏది పోవాల్నో నన్నడుగుండ్రి."

అమ్మ పటాలన్నీ ఇచ్చేసింది. ఇత్తడి దీపం మాత్రం ఉంచుకుంది. అది బీడీలు చుట్టిన పైసలతో ఆమె కొనుక్కున్నది. కరెంటు పోయిన రాత్రుల్లో వెలుతురిచ్చేది, దానికి అంతకుమించి పని లేదు. నా తాళి నేను తీసేశాను. నేను ఒకరి సొత్తునని ఊరికి చెప్పే గుర్తు అది. బంగారాన్ని పారెయ్యలేదు. అమ్మి కుట్టుమిషను కొనుక్కున్నాను.

అసలు గొడవ మూడోదాని దగ్గర వచ్చింది. మా అమ్మమ్మ అక్క జోగిని. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఎల్లమ్మ పేరు మీద తాళి కట్టారు. జాతరలో ఆడాలి, పెద్దకులాల శవాల ముందు ఆడాలి, ఊరి దొరలకు లొంగాలి. ఆమె తాళి, గవ్వల దండ ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. "ఇంతకన్నా అవమానమేముంది, ముందు దాన్ని పారెయ్యి" అన్నారు ఇంట్లోవాళ్ళు. నేను ఒప్పుకోలేదు. ఆడపిల్లల్ని దేవత పేరున ఇట్లా అంకితం చెయ్యడాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. ఆమె బతుకు అంతకు ముందే తెల్లారిపోయింది. ఆమె గురించి ఏ కచేరీలోనూ ఒక కాగితం లేదు. ఆమెకు ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం ఆ డబ్బా ఒక్కటే. దాన్ని చెరువులో వేస్తే గుడి మిగులుతుంది, జాతర మిగులుతుంది, ఆమె మిగలదు. నేను దానికి దండం పెట్టను. భద్రంగా దాచి, అడిగినవాళ్ళకు చూపిస్తాను.

కాబట్టి నా ఆలోచన ఇది. ఒక వస్తువు ఉండాలా పోవాలా అన్నది అది ఇవాళ చేస్తున్న పనిని బట్టి తేల్చుకోవాలి. అది నన్ను ఇంకా లొంగదీస్తోందా? దాని వెనుక ఎవరి కష్టం ఉంది? అది పోతే ఎవరి కథ పోతుంది? ఈ మూడూ అడుక్కుని, ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి.

ఇక హక్కుల సంగతి. "మతం వదిలినావు గదా, అమ్మ నగలు నీకెందుకు?" అనే అన్నదమ్ములున్నారు. ఈ మాటకు చట్టంలో ఆధారం లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. తల్లి వీలునామా రాయకుండా చనిపోతే ఆమె ఆస్తిలో కొడుకుకెంతో కూతురికీ అంతే. క్రైస్తవంలోకో, ఇస్లాంలోకో మారిన కూతురి వాటా కూడా మారినందువల్ల పోదు. 26వ సెక్షను అడ్డుపెట్టేది మతం మారాక ఆమెకు పుట్టిన పిల్లలకు, వాళ్ళ సంతానానికి. అదీ వాటా పంచాల్సిన నాటికి వాళ్ళు హిందువులు కాకపోతేనే. పెళ్ళిలో మనకు పెట్టిన నగలు స్త్రీధనం. అది పూర్తిగా ఆ స్త్రీదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనం వదిలింది నమ్మకాన్ని, హక్కును వదల్లేదు.

చివరగా, మనలో మనం అనుకోవాల్సిన మాట. ఇళ్ళకు వెళ్ళినప్పుడు గోడమీద పటం చూసి "ఇంకా మారలేదా?" అనకండి. స్త్రీల ఇళ్ళు తనిఖీ చేసే పెద్దమనుషులు ఊళ్ళో ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఏ ముసలమ్మ పెట్టెలోనైనా పాత తాళి కనబడితే, పారెయ్యమనే ముందు అది ఎవరిదని అడగండి. ఆమె చెబితే కూర్చుని వినండి. ఒప్పుకుంటే రాసుకోండి.