ఇంటి ఆటకు ఆర్కేడ్ జాయ్‌స్టిక్

క్రీడలు ఇంటి ముంగిటికి వచ్చుట ఎర్రమంజిల్‌కు క్రొత్త కాదు. నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన సౌధమునకు పోలో మైదానము, తొమ్మిది గుంటల గోల్ఫ్ మైదానము కూడ ఉండెడివని చెప్పుదురు. ఆ వైభవము ఒక్క కుటుంబమునకు చెందినది. నేడు ఆ మిట్ట చుట్టును, పంజాగుట్ట, అమీర్‌పేటల వఱకు, అంతస్తుపై అంతస్తుగా లేచిన ఇండ్లలో పిల్లలును, ఉద్యోగములనుండి తిరిగివచ్చిన పెద్దలును టీవీ యెదుట కూర్చుండి ఆడుకొనుచున్నారు. వారిలో కొందఱికి ఒక ప్రశ్న కలుగుచున్నది: ఒకప్పుడు వీధి చివర వీడియో గేమ్ దుకాణములో పట్టి ఆడిన ఆ పెద్ద జాయ్‌స్టిక్‌ను ఇంటికి తెచ్చుకొనవచ్చునా? తెచ్చుకొన్నచో ఏది మేలు? ఇది వేల రూపాయల వ్యవహారము గనుక కొంత విచారించుట మంచిది.

మొదట మాట సంగతి తేల్చుకొందము. మన దుకాణములలో జాయ్‌స్టిక్ కావలెనని అడిగినచో, రెండు చేతులతో పట్టుకొని బొటనవ్రేళ్లతో ఆడెడి గేమ్‌ప్యాడ్‌ను తీసి యిత్తురు. మేము చెప్పబోవునది అది కాదు. బల్లమీదనో ఒడిలోనో పెట్టుకొనెడి వెడల్పాటి పెట్టె, దాని యెడమవైపున నిలువుగా ఒక కాడ, కుడివైపున పెద్ద బటనులు కలిగిన సాధనమును గూర్చి మా ప్రసంగము. దానిని ఆర్కేడ్ స్టిక్ అని గాని ఫైట్ స్టిక్ అని గాని అడుగవలెను.

జాయ్‌స్టిక్ అను పేరు తొలుత విమానములు నడపువారిది. ఇంటి ఆటలలో దానికి వ్యాప్తి కలిగించినవానిలో 1977లో వెలువడిన అటారీ యంత్రము ముఖ్యమైనది. దానికి ఒక కాడ, ఒక యెఱ్ఱ బటను మాత్రమే ఉండెను. డబ్బు వేసి ఆడెడి పెద్ద యంత్రములలోని జాయ్‌స్టిక్ అంతకంటె దృఢమైనది. దినమునకు వందల చేతులు లాగినను, గుద్దినను తట్టుకొనవలసినది గదా! మన తెలుగు పట్టణములకు ఆ యంత్రములు 1990ల దశకమున విస్తారముగా వచ్చెను. 1993లో జపాను సంస్థ క్యాప్‌కామ్ వెలువరించిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అను ఆటను మన పిల్లలెవ్వరును ఆ పేరుతో పిలువలేదు. అందులోని ఒక పాత్ర పేరు పట్టుకొని ‘ముస్తఫా ఆట’ అనిరి. రూపాయి బిళ్ళయో టోకెనో వేసి, ప్రక్కప్రక్కన భుజములు తాకునట్లు నిలిచి ఆడిరి. ఈ భుజముల సంగతి జ్ఞాపకముంచుకొనుడు. చివర దానితో పని కలదు.

ఇక ఆ పెట్టె లోపల ఏమున్నదో చూతము. కాడ క్రిందిభాగమున నాలుగు చిన్న స్విచ్‌లు నాలుగు దిక్కుల నుండును. కాడను కుడికి త్రోసినచో ఒక స్విచ్ నొక్కబడును. క్రిందికిని కుడికిని నడుమగా త్రోసినచో రెండు స్విచ్‌లు ఒక్కసారిగా నొక్కబడును. ఇట్లు నాలుగు స్విచ్‌లతోనే ఎనిమిది దిక్కులు ఏర్పడుచున్నవి. చేయి వదలగానే ఒక స్ప్రింగు కాడను నడిమికి తెచ్చును. కాడ ఎంత దూరము పోవలెనో నిర్ణయించు చట్రమును గేటు అందురు. ఇందు ‘కొంచెము’, ‘ఎక్కువ’ అను భేదము లేదు. స్విచ్ నొక్కబడినదా లేదా అనునదొక్కటే లెక్క. ఈ జాతి సాధనము బలమును, పరిమితియు రెండును ఇందే యున్నవి.

కాడలలో ప్రధానముగా మూడు సంప్రదాయములు కలవు. జపాను పద్ధతిలో కాడ చివర గుండ్రని బంతి యుండును. గేటు సాధారణముగా చదరముగా నుండును. సాన్వా అను సంస్థ కాడ తేలికగా కదలును. సెయిమిత్సు అను సంస్థ కాడలు కొంత బిఱుసుగా నుండునని ఆటగాండ్రు చెప్పుదురు. చదరపు గేటులో మూలలు చేతికి స్పష్టముగా తగులును గనుక ఏటవాలు దిక్కులు తప్పిపోవు. రెండవది అమెరికా పద్ధతి. దాని కాడ తలభాగము లావై క్రిందికి సన్నగిలును, స్ప్రింగు గట్టిది, పిడికిలితో పట్టి ఆడువారికి అనుకూలము. మూడవది కొరియా పద్ధతి. అందు స్ప్రింగునకు బదులు రబ్బరు కట్టు కాడను నడిమికి లాగును; గేటునకు మూలలుండవు. టెక్కెన్ అను పోరాటపు ఆటను ఆడువారిలో దీనికి అభిమానులు అధికము. ఈ మూడింటిలో ఒకటి ఉత్తమము, తక్కినవి అధమము అనుట సరికాదు. వ్రేళ్లతో సుతారముగా పట్టువారు జపాను కాడను, అఱచేతితో బిగించి పట్టువారు అమెరికా కాడను మెచ్చుకొందురు.

ఇటీవలి సంవత్సరములలో కాడయే లేని పెట్టెలు కూడ ప్రబలినవి. వానిలో నాలుగు దిక్కులకును నాలుగు బటనులే యుండును. వేగమునకు ఇవి ప్రసిద్ధములు; పోటీలకు సిద్ధమగువారు వీనిని కోరుచున్నారు. కాని ముస్తఫా ఆట జ్ఞాపకముతో వచ్చిన గృహస్థునకు కాడ లేని పెట్టె వలన తృప్తి కలుగునా యనునది సందేహమే.

కొనుటకు ముందు వేసికొనవలసిన మొదటి ప్రశ్న సాధనమును గూర్చి కాదు, ఆటను గూర్చి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కు నాలుగు దిక్కులే. దానికి ఎనిమిది దిక్కుల కాడ పెట్టినచో మలుపులయందు చేయి తడబడును. ముస్తఫాకు రెండు బటనులు చాలును. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97కు నాలుగు కావలెను. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ రెండవ భాగమునకు ఆఱు — మూడు గుద్దులకు, మూడు తన్నులకు. కాని మీ యింట ఆడునది కారు పందెమో ఫుట్‌బాలో అయినచో ఈ పెట్టె మీకు వలదు. అచట చక్రమును కొంచెము త్రిప్పుట, మెల్లగా నడచుట అనునవి కావలెను. వానిని గేమ్‌ప్యాడ్ మీది చిన్న కాడయే చేయగలదు. ఎంత వెలపెట్టి కొన్నను ఆర్కేడ్ స్టిక్ ఆ పని చేయలేదు.

పెట్టె బరువు రెండవ విషయము. తేలిక పెట్టె ఆట వేడెక్కగానే ఒడిలోనుండి జారును. అడుగున రబ్బరు పట్టియు, తగిన బరువును ఉండవలెను. దీనితోపాటు చప్పుడు కలదు. ఈ స్విచ్‌లు టిక్కుటిక్కుమని మ్రోగును. గోడకు గోడ ఆనియున్న ఇండ్లలో రాత్రి పదకొండు గంటలకు ఆ మ్రోత ప్రక్కింటివారి నిద్రకు శత్రువు. చప్పుడు తక్కువగా చేయు బటనులు వేఱుగా దొరకును. బల్లమీద పెట్టి ఆడువారు అడుగున మందపాటి బట్ట పఱచినను కొంత మేలు.

మూడవది ఆలస్యము. ఈ ఆటలలో పెక్కింటియందు తెరమీద బొమ్మ సెకనుకు 60 మార్లు మాఱుచుండును. అనగా ఒక్కొక్క బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకనులు. నొక్కిన బటను ఒకటి రెండు బొమ్మలు ఆలస్యముగా పనిచేసినచో చేయి వెనుకబడినట్లు తోచును. దీనికి జాయ్‌స్టిక్‌నే నిందింపరాదు. అనేక టీవీలు బొమ్మను మెఱుగుపెట్టుటలో కాలము గడుపును. వానిలో గేమ్ మోడ్ అను అమరిక యున్నచో ముందుగా దానిని పెట్టి చూడవలెను. తీగ గల పెట్టెకు బ్యాటరీ చింతయు లేదు. మఱియొక హెచ్చరిక: ఒక కన్సోలుకు చేసిన పెట్టె వేఱొక కన్సోలునకు పనిచేయకపోవచ్చును. మీ యంత్రము పేరు చెప్పి, దానికి సరిపడునని తెలిసికొనిన పిమ్మటనే డబ్బు చెల్లింపుడు.

నాలుగవది మరమ్మతు. గేమ్‌ప్యాడ్ మీది చిన్న కాడ అరిగి, చేయి పెట్టకున్నను బొమ్మ దానంతట అది ఒకవైపునకు జరుగుచుండుట చాలమందికి అనుభవమే. దానిని బాగుచేయుట సన్నని పని. మంచి ఆర్కేడ్ స్టిక్ అట్లు కాదు. అడుగు మరలు విప్పినచో కాడ, బటనులు, తీగలు కంటికి కనుపించును. పెక్కింటిలో బటను తీగలను లాగి తీసి మరల గ్రుచ్చవచ్చును. ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కినచో ఆఱవ స్టేషను ఉస్మానియా వైద్య కళాశాల. అచట దిగినచో కోఠీలో గుజరాతీ గల్లీ దగ్గఱనే. స్విచ్‌లు, తీగలు మొదలగు ఎలక్ట్రానిక్ భాగములకు అది పేరుపొందిన బజారు. చెడిన స్విచ్‌ను జేబులో వేసికొని పోయి కొలత సరిచూచుకొని తెచ్చుకొనవలెను. కావున కొనునపుడే ‘దీనిని విప్పవచ్చునా? లోపలి భాగములు మార్చవచ్చునా?’ అని అడుగుడు. విప్పుటకు వీలులేని పెట్టె ఎంత అందముగా నున్నను మా మాటగా దానిని మానుకొనుడు.

ఇక భుజముల సంగతి. ఒక గృహమున అన్నదమ్ములో, తండ్రీకూతుళ్లో కలిసి ఆడుదురనుకొందము. ఉన్న డబ్బంతయు పెట్టి మిక్కిలి ఖరీదైన పెట్టెను ఒక్కటి తెచ్చినచో ఏమగును? పెద్దవాడు దానిని పట్టుకొనును. చిన్నవాడు పాత గేమ్‌ప్యాడ్‌తో ఓడిపోవుచుండును, లేదా ప్రక్కన కూర్చుండి చూచుచుండును. ఓడినప్పుడెల్ల ‘నీకు మంచిది యున్నది గనుక గెలిచితివి’ అనును. ఆ మాటకు బదులు లేదు. వీధి దుకాణములోని యంత్రమునకు ఈ దోషము లేకుండెను. ఎవరి తండ్రి ఎంత సంపన్నుడైనను అందఱికిని ఒకే జాతి కాడ, ఒకే జాతి బటనులు. ఆట న్యాయముగా సాగుటకు ఆ సమానత్వము మూలము. ఆ యంత్రమునుండి ఇంటికి తెచ్చుకొనదగినది ఏదైన నున్నచో అది ఇదియే.

కనుక మా సలహా యిది. మీరు ఆడునవి పోరాటపు ఆటలో పాత ఆర్కేడ్ ఆటలో అయినచో, ఒక్క గొప్ప పెట్టెకు బదులు విప్పుటకు వీలైన సామాన్యపు పెట్టెలు రెండు, ఒకే జాతివి, కొనుడు. కొన్ని నెలలు ఆడిన మీదట చేతికి ఏది కొఱతయో తెలియును; అప్పుడు కాడనో బటనులనో మార్చుకొనవచ్చును. రెండింటికిని ఒకేసారి మార్చుడు. రెండు కొనుటకు డబ్బు చాలనిచో ఇంటనున్న గేమ్‌ప్యాడ్‌లతోనే ఇరువురును ఆడుడు. సమానముగా నున్నంతవఱకు ఆటకు లోటు రాదు.