పాత కంప్యూటర్లను ఏం చేద్దాం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

అందరూ చిన్ననాటి ముచ్చట్లు చెబుతుంటే నాకు మాత్రం కార్యదర్శి గారు ఒక లెక్క అప్పగించారు. 2017లో మన సంఘం బడికి పది కంప్యూటర్లు ఇచ్చింది. ఆఫీసులో ఇంకొకటి ఉంది. అన్నిట్లోనూ విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇవి ఇక పనికిరావని దుకాణం వాళ్లు కొత్తవాటికి కొటేషన్ ఇచ్చి వెళ్లారు. నడుస్తున్నవాటిని కదపడం ఎందుకని ఆఫీసు గుమాస్తా గారు అంటున్నారు. డబ్బు మనందరిదీ కాబట్టి నా ఆలోచన మీ ముందే పెడుతున్నాను.

సపోర్టు ఆగినంత మాత్రాన కంప్యూటరు ఆగదు. మర్నాడూ మామూలుగానే ఆన్ అవుతుంది. ఆగేవి సెక్యూరిటీ అప్‌డేట్లు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఎప్పటికప్పుడు బయటపడుతూనే ఉంటాయి. ఇదివరకు కంపెనీ నెలనెలా వాటిని పూడ్చేది. ఇకపై ఆ కన్నాలు అలాగే ఉండిపోతాయి.

కన్నం వదిలేస్తే ఏమవుతుందో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. వానాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. పాత ఎక్స్‌పీ వాడినవాళ్లే మునిగారని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7. దానికి అప్పటికింకా సపోర్టు ఉంది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. రెండు నెలలపాటు ఎవరూ వేసుకోలేదు, అంతే. కొత్తది కొన్నా, పట్టించుకునే మనిషి లేకపోతే గతి ఇదే.

తొందరపడి మార్చినా నష్టమే. అది నేనే చేశాను. నేను పనిచేసిన ఒక కర్మాగారంలో యంత్రాన్ని నడిపే పాత ఎక్స్‌పీ కంప్యూటరు ఉండేది. ఒక సెలవురోజు ఉత్సాహంగా దాంట్లో కొత్త విండోస్ వేశాను. యంత్రానికి కలిపే కార్డుకు కొత్త విండోస్‌లో పనిచేసే డ్రైవరు లేదని ఆ తర్వాత తెలిసింది. పాత డిస్కుకు నకలు కూడా తీసుకోలేదు. రెండు షిఫ్టులు పని ఆగింది. ఆ రెండు షిఫ్టులూ నేను మేనేజరు గారి మొహం చూడలేకపోయాను.

అప్పటినుంచీ ఏ కంప్యూటరు జోలికి వెళ్లినా మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది చేసే పనేమిటి? దీనికి ఇంటర్నెట్ ఉందా? ఇందులో ఉన్నదానికి నకలు ఇంకెక్కడైనా ఉందా?

మన బడికి ఇవే ప్రశ్నలు వేద్దాం. ఆఫీసు కంప్యూటర్లో పిల్లల పుట్టిన తేదీలు, ఆధార్ వివరాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్నాయి. యూడైస్ వివరాలు ఎక్కించడానికి రోజూ నెట్‌లో ఉండాలి. దీన్ని మార్చాల్సిందే. కొత్తది వచ్చేదాకా, 2026 అక్టోబరు 13 వరకు మైక్రోసాఫ్ట్ ఇస్తున్న అదనపు అప్‌డేట్లకు నమోదు చేయించాలి.

ల్యాబులోని పది కంప్యూటర్ల సంగతి వేరు. విండోస్ 11కు టీపీఎం 2.0, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి. మనవి ఆరో తరానివి. దొడ్డిదారిన ఎక్కించవచ్చు గానీ, ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. అలాగని చెత్తలో వేయాల్సిన పనిలేదు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టి, ర్యామ్ పెంచి, లినక్స్ మింట్ వేస్తే చక్కగా నడుస్తాయి. లినక్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. టైపింగ్, లెక్కల పట్టికలు, స్క్రాచ్, పైథాన్ అన్నీ అందులో నేర్పవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్స్‌తోనే పాఠాలు చెబుతున్నాయి. ఒక చిక్కు మాత్రం ఉంది. చెప్పే మాస్టారికి ముందు అలవాటు కావాలి. అందుకే ముందు రెండింటిలో వేసి ఒక నెల చూద్దాం. డిస్కు ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడిపి చూడవచ్చు.

మన సంచిక పేజీలు కట్టిన డీటీపీ సెంటరు ఆయన కూడా తన పాత విండోస్ గురించి అడిగారు. ఆయన బతుకుదెరువు పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అవి ఆ కంప్యూటర్లో కుదురుగా నడుస్తున్నాయి. నెట్ తీగ పీకేసి ఉంచుకోమన్నాను. బయటి పెన్‌డ్రైవ్‌లు మరో కంప్యూటర్లో పరీక్షించాకే పెట్టమన్నాను. అయితే అనులో కొట్టినది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అందుకని ఈ సంచికకు పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ప్రతి కూడా ఇమ్మని కోరాను.

ఈ లెక్కన మనం కొనాల్సింది ఒక్క కంప్యూటరు, పదింటికి విడిభాగాలు. మిగిలిన డబ్బు ఏం చేయాలో సంఘం నిర్ణయిస్తుంది.

చివరగా ఒక మాట. మూడో ప్రశ్న వేసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. యాభై ఏళ్ల మన గ్రూపు ఫోటోల స్కాన్లు, సభ్యుల జాబితా ఆ ఆఫీసు డిస్కులోనే ఉన్నాయి. నకలు ఎక్కడా లేదు. ఆ ఫోటోల్లో ఉన్న గురువుల్లో కొందరు ఇప్పుడు మన మధ్య లేరు. రేపు ఉదయం తొమ్మిదింటికి గుమాస్తా గారితో కూర్చుని నకళ్లు తీస్తాను. రేపు ఊళ్లో ఉండేవాళ్లు హార్డ్ డిస్కు తెచ్చుకోండి, ఒక్కో ప్రతి పట్టుకెళ్లండి. కొత్త కంప్యూటరు సంగతి ఆ తర్వాత చూద్దాం.