తెల్లబడిన పగడం చచ్చిపోయినట్టేనా?

సముద్రంలో తెల్లగా పాలిపోయిన పగడాల ఫోటోలు మీరు ఫోన్‌లో చూసే ఉంటారు. చూడగానే "అయ్యో, చచ్చిపోయాయి" అనుకుంటాం. కానీ అవి ఇంకా బతికే ఉండొచ్చు.

పగడం రాయి కాదు, మొక్క కాదు, జంతువు. దాని కణాల్లో కంటికి కనిపించనంత చిన్న ఆల్గే కాపురం ఉంటుంది. పగడం చోటిస్తుంది, ఆల్గే ఎండతో తిండి తయారుచేసి పెడుతుంది. పగడానికి కావాల్సిన శక్తిలో చాలా భాగం అదే. ఆ గోధుమ రంగు కూడా ఆల్గేదే.

నీళ్లు మామూలు వేసవి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు. ఆల్గేలో కిరణజన్య సంయోగక్రియ దెబ్బతిని, కణాలకు హాని చేసే పదార్థాలు పుడతాయి. అప్పుడు పగడం ఆల్గేను బయటికి పంపేస్తుంది. లోపలి తెల్లటి సున్నపు అస్థిపంజరం బయటికి కనిపిస్తుంది. ఇదే బ్లీచింగ్. అంటే చావు కాదు, పస్తులు. నీళ్లు త్వరగా చల్లబడితే, లోపల మిగిలిన కాస్త ఆల్గే మళ్లీ పెరుగుతుంది.

2006లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లోని కెపెల్ దీవుల దగ్గర బ్లీచింగ్ వచ్చింది. బతికి బయటపడ్డ పగడాలు చాలావాటిలో వేడిని తట్టుకునే రకం ఆల్గే ఎక్కువైంది. మంచిదే కదా? కానీ ఆ రకం ఉన్న పగడం తరచుగా నెమ్మదిగా పెరుగుతుంది.

పైగా ఆ రీఫ్‌లో 2016, 2017, 2020, 2022, 2024లో పెద్ద ఎత్తున బ్లీచింగ్ జరిగింది. పగడానికి కోలుకునే దారి తెలుసు. మనం సముద్రాన్ని వేడెక్కిస్తూ పోతే, కోలుకునే టైమే దానికి దొరకదు.