కిల్టుకు జేబు

నేరేడ్‌మెట్, సైనిక్‌పురి ప్రాంతములవారికి సైన్యపు పైపు బ్యాండు క్రొత్త కాదు. ఆ వాద్యము పుట్టింటిదైన స్కాట్లండు వేషమున, మోకాళ్ల వరకు మడతలతో నుండు కిల్టును, దాని ముందు వ్రేలాడు స్పోరన్ అను సంచిని శ్రోతలు బొమ్మలలోనైనను చూచియుందురు. అది అలంకారమని తలంతురు గాని, కిల్టుకు జేబు లేదు, సంగతి అంతే. గేలిక్ భాషలో ఆ మాటకు డబ్బుసంచి యనియే అర్థము. మన పంచెకును జేబు లేదు గదా! సంతకు పోవు రైతు నడుమున కట్టిన జాలె దీనికి చుట్టమే.

కొనదలచినవారు మొదట మూత తెరచి చూడవలెను. తాళపుచెవులు, చిల్లర పట్టని సంచి యెందుకు? పగటికి సాదా తోలుది చాలును. విందులకు లోహపు పట్టీ గలది. పొడవైన గుఱ్ఱపు వెండ్రుకలది పైపు వాయించువారికే శోభ.

సేకరించువారికి చిక్కు బొచ్చుతో వచ్చును. పాతవి పెక్కు సీల్ చర్మముతో చేసినవి. 1972 నాటి చట్టముతో అమెరికాయు, 2009 నాటి నిబంధనతో ఐరోపా సమాఖ్యయు అట్టివాని దిగుమతిని కట్టడి చేసినవి. పత్రములు లేనిది చవుకగా వచ్చినను ముట్టకుడు. తోలుసంచిని వానకాలమున ప్లాస్టిక్కులో బిగించిన బూజు పట్టును. నూలుగుడ్డలో చుట్టి గాలి తగులనిండు.

స్పోరన్లను ప్రదర్శనశాలలలో అద్దాల వెనుక దాచుచున్నారు. మన జాలెలు అటకలపై చివుకుచున్నవి. మీ యింట తాతగారిది యున్నచో, అది ఎవరిదో, ఏ యూరిదో చీటీపై వ్రాసి అందులోనే యుంచుడు.